పాజిటివ్ అన్న ఉత్తరం వచ్చాక...

రెండేళ్ళ కిందట జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి నాకు ఆ ఉత్తరం వచ్చింది. కుక్కర్ మూడో విజిల్ కోసం చూస్తూ మెట్ల దగ్గర నిలబడే కవరు చింపాను. మొదటి పేరాలోనే ఉంది సంగతి. నా స్క్రీనింగ్ శాంపిల్లో హెచ్‌పీవీ ఉంది, కణాల్లో మార్పులు కూడా కనిపించాయి, కాల్పోస్కోపీకి రావాలి అని. విజిల్ ఎన్నిసార్లు వచ్చిందో నాకు తెలియదు. ఆ రోజు పప్పు మాడిపోయింది.

నేను గుంటూరులో మైక్రోబయాలజీ డిగ్రీ చేశాను. వైరస్‌ల బొమ్మలు రికార్డు పుస్తకంలో రంగు పెన్సిళ్ళతో వేసి మార్కులు తెచ్చుకున్న దాన్ని. అయినా ఆ క్షణంలో చదువు ఏమీ గుర్తు రాలేదు. ఉత్తరాన్ని మడిచి పోపుల సామాన్ల అలమరలో, పైన అరలో డబ్బాల వెనక పెట్టేశాను. మావారికి చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఇంగ్లండ్‌కి వచ్చి ఎనిమిదేళ్ళయింది. మాకు ఒక పాప. ఈ రెండేళ్ళలో ఈ విషయం గురించి ఇక్కడి తెలుగు స్నేహితురాళ్ళతో మాట్లాడితే, నాలాగే ఉత్తరాలు దాచిపెట్టినవాళ్ళు ఒకరిద్దరు కాదు, చాలామంది తేలారు. పరీక్షకి వెళ్ళడం గురించి అందరూ చెబుతారు. పాజిటివ్ వచ్చాక మనం ఏం చేస్తాం, ఎందుకలా చేస్తాం అన్నది ఎవరూ మాట్లాడరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఉత్తరం నిజంగా ఏం చెబుతుంది?

ఇంగ్లండ్‌లో 25 నుంచి 64 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళని ఈ పరీక్షకి పిలుస్తారు. 2019 చివరినుంచి దేశమంతటా ముందు హెచ్‌పీవీ ఉందా లేదా అని చూస్తున్నారు. ఉంటేనే అదే శాంపిల్లోని కణాలను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. కాబట్టి వచ్చే ఉత్తరాలు మూడు రకాలు.

మొదటిది, హెచ్‌పీవీ లేదు. మళ్ళీ పిలిచినప్పుడు వెళ్ళాలి, అంతే. రెండోది, హెచ్‌పీవీ ఉంది కానీ కణాలు మామూలుగానే ఉన్నాయి. ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తారు. మూడోది నాకు వచ్చినది. వైరస్ ఉంది, కణాల్లో మార్పూ ఉంది, కాల్పోస్కోపీకి రావాలి. పరీక్ష చేయించుకున్న వందమందిలో సుమారు 13 మందికి వైరస్ కనిపిస్తుంది. వాళ్ళలో తొమ్మిదిమందికి కణాలు బాగానే ఉంటాయి, నలుగురికి మార్పులుంటాయి. ఆ నలుగురిలో కూడా క్యాన్సర్ ఉండేది చాలా అరుదు. మార్పు అంటే క్యాన్సర్ కాదు. పట్టించుకోకపోతే కొందరిలో, చాలా ఏళ్ళకి, క్యాన్సర్‌గా మారగలిగినది.

ఇంకో ముఖ్యమైన మాట. వైరస్‌కి మందు లేదు. టాబ్లెట్ లేదు, ఇంజెక్షన్ లేదు. పసుపు, వేపాకు, ఆన్‌లైన్లో అమ్మే జెల్స్ వేటితోనూ అది పోతుందని నమ్మడానికి లేదు. ఎక్కువమందిలో రెండేళ్ళలోపు మన ఒంటి శక్తే దాన్ని అణిచేస్తుంది. వైద్యం చేసేది వైరస్‌కి కాదు, అది పాడుచేసిన కణాలకి. ఈ తేడా అర్థం కాకే మనలో సగం భయాలు.

“ఎవరి నుంచి వచ్చింది?”

తొమ్మిదో రోజు రాత్రి పాప పడుకున్నాక ఉత్తరం తీసి మావారి చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. ఫోన్లో ఏదో వెతికారు. ఆ తర్వాత మెల్లగా, “ఇది అలా... వచ్చేది కదా?” అన్నారు.

నేను భయపడింది సరిగ్గా ఆ ప్రశ్నకే. నాకూ అదే ప్రశ్న ఆయన మీద ఉంది. తొమ్మిది రోజులుగా ఆయన ఆఫీసు ట్రిప్పులన్నీ మనసులో లెక్కపెడుతూనే ఉన్నాను. ఇద్దరం ఒకరినొకరు అడగలేక ఒకే సోఫాలో ఆ చివరా ఈ చివరా కూర్చున్నాం.

తర్వాత క్లినిక్‌లో నర్సు చెప్పింది విని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. దాంపత్య జీవితం మొదలుపెట్టిన పదిమందిలో ఎనిమిదిమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. ఒంట్లో ఏళ్ళ తరబడి పరీక్షకి దొరక్కుండా ఉండి, తర్వాత బయటపడవచ్చు. ఎప్పుడు వచ్చింది, ఎవరి ద్వారా వచ్చింది అని ఏ పరీక్షా చెప్పలేదు. ఒకే ఒక్క వ్యక్తితో జీవితమంతా గడిపినవాళ్ళకీ రావచ్చు. మగవాళ్ళకి దీనికి మామూలుగా చేసే పరీక్ష కూడా లేదు. అంటే ఈ ఉత్తరం ఎవరి శీలానికీ సాక్ష్యం కాదు.

కానీ ఆ ఒక్క ప్రశ్నకి భయపడి ఎంతమంది ఆగిపోతున్నారో! ఒకావిడ నాతో అన్న మాట: “క్యాన్సర్ అని చెప్పినా మా అత్తగారు అర్థం చేసుకుంటారు వదినా, ఇది ఎలా వస్తుందో తెలిస్తే అర్థం చేసుకోరు.” ఆవిడ మొదటి అపాయింట్‌మెంట్‌కి వెళ్ళలేదు. అత్తగారు ఆరు నెలలకని వచ్చి ఇంట్లో ఉన్నారు. ఎక్కడికి వెళుతున్నావంటే ఏం చెప్పాలి? ఆవిడ వెళ్ళిపోయాక ఫోన్ చేసి కొత్త తేదీ తీసుకుంది.

తీసేయాలా, వదిలేయాలా?

మా అమ్మకి ఫోన్లో చెప్పాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఒక బిడ్డ ఉందిగా అమ్మాయ్, ఆ గర్భసంచి తీయించేసుకో. పీడా వదిలిపోతుంది. నేను తీయించుకోలేదూ? మీ పెద్దమ్మ తీయించుకోలేదూ?”

అమ్మ తప్పుగా మాట్లాడిందని అనను. తను చూసిన లోకం అది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే ఆడవాళ్ళు దేశంలో ఎక్కువగా ఉన్నది మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా, రక్తస్రావం అయినా మా ఊళ్ళో చివరికి అందరూ చేరేది ఆ ఆపరేషన్ దగ్గరికే. పిల్లలు పుట్టాక దాంతో పనేముంది అన్నది మనకి చిన్నప్పటినుంచి వినిపించిన మాట. కానీ కణాల్లో మార్పుకి గర్భసంచి మొత్తం తీయడం, గోడకి తడి మరక పడిందని ఇల్లు కూలగొట్టడమే. మార్పు ఉండేది గర్భాశయ ముఖద్వారంలో, చిన్న మేర. అంతవరకూ తీస్తే చాలు.

ఇక ఇక్కడ నాకు బాగా దగ్గరైన అక్క ఒకావిడ ఉంది. తన మాట దీనికి పూర్తిగా వ్యతిరేకం. “రెండేళ్ళలో అదే పోతుందట కదా, నేనూ చదివాను. వీళ్ళకి అన్నీ భయపెట్టడమే. నాకు నొప్పి లేదు, ఏమీ లేదు. ఎందుకు కెలుక్కోవడం?” తనకి అప్పటికే బయాప్సీ అయింది. సీఐఎన్ 3 అని ఉత్తరం వచ్చింది. వైద్యానికి తేదీ ఇచ్చారు. ఆ తేదీన వరలక్ష్మీవ్రతం వచ్చింది, తర్వాత కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. చికిత్స తర్వాత నాలుగు వారాలు రక్తం, నీళ్ళలాంటి స్రావం కావచ్చని కాగితంలో ఉంది. ఆ నాలుగు వారాలు మైలా కాదా, పూజలో కూర్చోవచ్చా అని వాళ్ళింట్లో చర్చ. తర్వాత ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుంటానంది. అలా పదిహేను నెలలు గడిచాయి.

ఈ రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది. చిక్కంతా అక్కడే. “అదే పోతుంది” అన్నది వైరస్ విషయంలో చాలావరకు నిజం. సీఐఎన్ 3 విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. “తీసేయాలి” అన్నది సీఐఎన్ 3 విషయంలో నిజం. ఉత్త హెచ్‌పీవీ పాజిటివ్‌కి వర్తించదు.

సీఐఎన్ అంకెలు, న్యూజిలాండ్ పాఠం

బయాప్సీ తర్వాత వచ్చే ఈ అంకెలు క్యాన్సర్ దశలు కావు. ముఖద్వారం పైపొరలో ఎంత లోతువరకు కణాలు మారాయో చెప్పే కొలతలు. 1 అంటే పైపొర మందంలో మూడోవంతు వరకు. దానికి సాధారణంగా వైద్యం చేయరు, గమనిస్తారు. 3 అంటే దాదాపు పొర అంతా. తీసేయమంటారు. మధ్యలో ఉండే 2 దగ్గరే ఆలోచన. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన ఒక విశ్లేషణలో, సీఐఎన్ 2 ఉండి వైద్యం చేయకుండా గమనించిన ఆడవాళ్ళలో రెండేళ్ళకి సగంమందికి అది తగ్గింది. సుమారు 32 శాతం మందికి అలాగే ఉంది. 18 శాతం మందికి సీఐఎన్ 3 లేదా అంతకంటే ఎక్కువైంది.

మరి సీఐఎన్ 3ని వదిలేస్తే ఏమవుతుంది? ఇది తెలుసుకోవడానికి ఇవాళ ఎవరూ ప్రయోగం చేయరు. కానీ ఒకచోట జరిగిపోయింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నేషనల్ విమెన్స్ హాస్పిటల్లో 1966లో హెర్బర్ట్ గ్రీన్ అనే డాక్టర్, ఈ మార్పులు క్యాన్సర్‌గా మారవని నమ్మి, చాలామంది ఆడవాళ్ళకి సరైన వైద్యం ఇవ్వకుండా గమనిస్తూ పోయాడు. వాళ్ళకి ఆ సంగతే తెలియదు. 1987లో సాండ్రా కోనీ, ఫిల్లిడా బంకిల్ అనే ఇద్దరు మహిళలు ఒక పత్రికలో దాన్ని బయటపెట్టారు. ప్రభుత్వం జడ్జి సిల్వియా కార్ట్‌రైట్‌తో విచారణ జరిపించింది. 1988లో నివేదిక వచ్చింది. ఆ కేసుల వివరాలన్నీ తిరిగి చూసి 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సరైన వైద్యం అందనివాళ్ళలో 30 ఏళ్ళలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన వైద్యం అందినవాళ్ళలో ఒక్క శాతం కూడా లేదు.

ఆ ఆడవాళ్ళకి ఎంచుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. మనకి ఉత్తరం రాసి, తేదీ ఇచ్చి, రాకపోతే మళ్ళీ రాస్తున్నారు. ఇది చదివాక నా ఉత్తరాన్ని పోపుల డబ్బాల వెనకనుంచి తీసి ఫ్రిజ్ మీద అంటించాను.

నా సంగతి

కాల్పోస్కోపీ అంటే ఏదో అనుకున్నాను. కాళ్ళు ఎత్తిపెట్టే కుర్చీలో పడుకోబెట్టి, బయటే ఉండే ఒక భూతద్దంలాంటి పరికరంతో ముఖద్వారాన్ని చూస్తారు. వెనిగర్లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా రాస్తారు. మారిన కణాలు తెల్లబడతాయి. మా డిగ్రీ ల్యాబ్ వాసన గుర్తొచ్చింది. చిటికెడంత ముక్క బయాప్సీకి తీశారు. ఒక్క చురుకు, అంతే.

నాకు సీఐఎన్ 2 వచ్చింది. మాకు రెండో బిడ్డ కావాలని ఉంది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఈ వైద్యం వల్ల గర్భం రావడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ 10 మిల్లీమీటర్ల కంటే లోతుగా ముక్క తీయాల్సివస్తే, తర్వాతి కాన్పు నెలలు నిండకముందే అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఇప్పుడే తీయించుకోవచ్చు, లేదా ఆరునెలలకోసారి వచ్చి చూపించుకుంటూ రెండేళ్ళవరకు ఆగవచ్చు. “ఆగడమంటే రాకుండా ఉండటం కాదు, ప్రతిసారీ రావడం” అని మరీ మరీ చెప్పింది.

నేను ఆగుతానన్నాను. అమ్మకి కోపం వచ్చింది, మావారికి భయం వేసింది. ఆగస్టులో చూస్తే అలాగే ఉంది. ఆ తర్వాత ఫిబ్రవరిలో బయాప్సీలో సీఐఎన్ 3 అని వచ్చింది. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చాను. ముందే తీయించుకోవాల్సిందా అని చాలా రోజులు తొలిచింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆగడం తప్పు కాదు. ఒక్క అపాయింట్‌మెంట్ కూడా తప్పలేదు కాబట్టే మారగానే దొరికింది.

మార్చిలో లెట్జ్ చేశారు. సన్నని తీగతో, కరెంటు వేడితో ఆ భాగాన్ని తీసేయడం. మత్తు ఆ చోటికి మాత్రమే. ఇంజెక్షన్ వేసిన నిమిషానికి గుండె దడదడలాడి కాళ్ళు వణికాయి. అది మందు లక్షణమని, పోతుందని నర్సు చెయ్యి పట్టుకుని చెప్పింది. చిన్నగా కాలిన వాసన. అంతా కలిపి పావుగంట. మావారు పాపని తీసుకుని బయట వెయిటింగ్ హాల్లో ఉన్నారు. ఆ సాయంత్రం ఆయనే చారు పెట్టారు. ఉప్పు ఎక్కువైంది, తినేశాం.

నాలుగు వారాలు ఈత వద్దు, టాంపూన్లు వద్దు, భార్యాభర్తలు దూరంగా ఉండాలి అన్నారు. స్రావం మూడు వారాలు ఉంది. అది నెలసరి కాదు, మానుతున్న పుండు. ఆ ఉగాదికి నేను స్నానం చేసి పచ్చడి చేశాను, దేవుడికి దీపం పెట్టాను. మీ ఇంట్లో పద్ధతి వేరైతే వేరు, అది మీ ఇష్టం. కానీ తేదీ మాత్రం మార్చుకోకండి. పండగ ఏటా వస్తుంది.

ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. వైద్యం ఫలించిందో లేదో చూసేది అదే, అది మానకూడదు. నాకు హెచ్‌పీవీ లేదని వచ్చింది. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఒక్క చికిత్సతోనే సరిపోతుంది.

మరి ఆ అక్క? పదిహేను నెలల తర్వాత, నా గోల పడలేక, మళ్ళీ ఫోన్ చేసి వెళ్ళింది. తీసిన ముక్కలో క్యాన్సర్ మొదలైంది. మైక్రోస్కోపులో తప్ప కనిపించనంత చిన్నది, మొట్టమొదటి దశ. ఇంకొంచెం పెద్ద భాగం తీసి, గర్భసంచి ఉంచే వైద్యం చేయగలిగారు. ఇప్పుడు బాగుంది. ఇది రాయమని చెప్పింది తనే. “నా పేరు వద్దు గానీ, నొప్పి లేదు కదా అని నేను అన్న మాట రాయి” అంది.

మన ఊళ్ళల్లో

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మూడు లక్ష్యాలు పెట్టింది. 2030 నాటికి 90 శాతం ఆడపిల్లలకి 15 ఏళ్ళలోపు టీకా, 70 శాతం ఆడవాళ్ళకి 35, 45 ఏళ్ళ వయసుల్లో మంచి పరీక్ష, తేడా కనిపించినవాళ్ళలో 90 శాతానికి వైద్యం. మనం మొదటి రెండే వింటాం. మూడోది లేకపోతే మొదటి పరీక్షకి అర్థమే లేదు.

ఇండియాలో 2022లో ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చినవాళ్ళు సుమారు లక్షా 27 వేలమంది. 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు రెండు శాతం కూడా లేరని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. అయినా మార్గం చూపించిందీ మన దేశమే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవాళ్ళకి వైద్యం చేస్తేనే ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అక్కడ మళ్ళీ మళ్ళీ పిలవడం కష్టం కాబట్టి, వెంటనే చికిత్స చేసే పద్ధతులు కూడా ఉన్నాయి. కాబట్టి మీ అక్కచెల్లెళ్ళకి అక్కడి డాక్టరు చెప్పేది, మీకు ఇక్కడ చెప్పేది ఒకటి కాకపోతే కంగారు పడకండి.

ఉత్తరం వస్తే చేయాల్సినవి

ఇల్లు మారితే ముందు జీపీ దగ్గర అడ్రస్ మార్చండి. కాంట్రాక్టు ఉద్యోగాలతో మనం ఊళ్ళు తిరుగుతాం, ఉత్తరాలు పాత ఇంటి గుమ్మంలోనే పడి ఉంటాయి.

ఉత్తరంలో మూడింటిలో ఏది రాశారో చూసుకోండి. అర్థం కాకపోతే ఫోన్ చేసి అడగండి. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీ కావాలని, లేడీ డాక్టర్ కావాలని, పక్కన ఇంకో మనిషి ఉండాలని ముందే చెప్పవచ్చు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జి కట్టే వచ్చారు, కాల్పోస్కోపీకి విడిగా బిల్లు రాదు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఇన్సూరెన్స్ ఏది ఇస్తుందో ముందే కనుక్కోండి. ఖర్చుకి భయపడి తర్వాతి మెట్టు మాత్రం మానకండి.

గర్భంతో ఉంటే చెప్పండి. అప్పుడు కూడా చూడటానికి వీలవుతుంది, వైద్యం మామూలుగా కాన్పు తర్వాతే చేస్తారు. పిల్లలు కావాలనుకుంటే అదీ చెప్పండి. ఇండియా టికెట్లు కొనేసి ఉంటే, మానేయకుండా తేదీ మార్చమనండి.

ఇంట్లో ఆడపిల్ల, మగపిల్లాడు ఎవరున్నా 12, 13 ఏళ్ళప్పుడు స్కూల్లో టీకా అనుమతి కాగితం వస్తుంది. సంతకం పెట్టండి. మనకి ఇప్పటికే సోకిన వైరస్‌ని టీకా తగ్గించదు. పిల్లలకి మాత్రం ముందే అడ్డుకుంటుంది.

అన్నిటికంటే ముందు, ఒక్కరికి చెప్పండి. భర్తకి చెప్పలేకపోతే అక్కకి, వదినకి, పక్కింటావిడకి. నేను తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పకుండా ఉన్నాను. వైద్యం చేయించుకున్న పావుగంట కంటే ఆ తొమ్మిది రోజులే నాకు కష్టంగా గడిచాయి.